గుడ్డ తీసేదాకా

ఉదయం ఎనిమిదీ పన్నెండుకు సూళ్లూరుపేట స్టేషన్లో చెన్నై లోకల్ ఆగింది. అదే నిమిషంలో గుల్నాజ్ బొటనవేలు వెంకటశేషమ్మకు ఒక లింకు పంపింది. లింకు చివర ఫొటో పేరు లేదు. పేరు టైపు చేయబోతుంటే బండి వచ్చింది, వెనకనుంచి నవోమి భుజం పట్టి తోసింది, అక్షరం మీద పడాల్సిన వేలు బాణం గుర్తు మీద పడింది. ఫోల్డరు వరకే పోయింది. పేరు రాస్తే ఆ ఒక్క ఫొటో తెరుచుకుంటుంది. రాయకపోతే ఫోల్డర్లో ఉన్నవన్నీ పేర్లతో సహా ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఆ వరసలో నిన్న సాయంత్రం ఎక్కించిన కొత్త పడవ ఫొటో ఒకటుంది. దాని పేరు తెలుగులోనే పెట్టింది. వెంకటశేషమ్మ.

సీటు దొరికింది, కిటికీ మాత్రం నవోమిది. ఇద్దరూ తడ దగ్గర ఒకే ఫ్యాక్టరీలో ఒకే లైన్లో వైర్లు కలుపుతారు, కిటికీ ఇవ్వకపోతే నవోమి తడ దాకా సణుగుతుంది, తడలో దిగినాక కూడా సణుగుతుంది. గుల్నాజ్ ఫోను వైపే చూస్తోంది. రెండు టిక్కులు పడ్డాయి, బూడిదరంగువి. అవి నీలం అవుతాయేమోనని చూడటం దండగ, వెంకటశేషమ్మ ఫోన్లో నీలం రాదు, తను చూసిందీ లేనిదీ ఎదుటివాళ్లకు తెలియకూడదని సెల్ షాపులో చెప్పి ఆపించుకుంది, ఆపించుకున్న సంగతి మాత్రం చేపల మార్కెట్లో అందరికీ ఆమే చెప్పింది. ఇప్పుడు ఆమె మార్కెట్లో ఉంటుందా, ఇంట్లో ఉంటుందా, చెయ్యి తడిగా ఉంటే ఫోను ముట్టదు, ఈ వేళకి చెయ్యి తడిగానే ఉండాలి, ఈరోజు శుక్రవారం, శుక్రవారం గిరాకీ తక్కువ, తక్కువైతే చెయ్యి ఆరిపోయి ఉంటుంది.

"ఏందిమే, మొగం అట్నా పెట్టినావు? ఎవురికన్నా ఐ లవ్ యూ పంపినావా?" అంది నవోమి.

"అంతకంటే పెద్దది. వెంకటశేషమ్మవ్వ ఫోనుకు పొరపాటున కొత్త పడవ పేరు పోయింది."

"పోతే డిలీట్ కొట్టు."

"కొడితే, తీసేసినారు అని అక్కడ పడతాది. పడితే ఆటో ఎక్కి మా ఇంటికొస్తాది."

ఇది ఊహ కాదు, జరిగింది. పోయిన దసరాకు నాయుడుపేటలో ఆమె తమ్ముడు ఒక మెసేజి తీసేస్తే, అదేందో చూపించమని ఆమె బస్సెక్కి నాయుడుపేట పోయింది. చూస్తే గులాబీ పువ్వు బొమ్మ, శుభోదయం అని రాసుంది, పొరపాటున రెండుసార్లు పోయిందని తమ్ముడు ఒకటి తీసేశాడు. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు. చేపల వేలంలో గంప దగ్గర ఆమె చెయ్యి మోచేతిదాకా లోపలికి పోతుంది, అడుగున ఉన్న చేపను బయటికి లాగి వాసన చూస్తుంది, తర్వాతే ధర మాట. పైన పరిచింది చూసేవాళ్లకి, కింద ఉండేది తినేవాళ్లకి, అంటుంది. అట్లాంటి మనిషికి గంపను గంపగా తలకిందులు చేసి పంపించినట్టయింది. మొదటి వరస చూసి ఆగదు. చివరిదాకా పోతుంది. వరస అక్షరక్రమంలో ఉంటుంది, వ చివర్లో వస్తుంది, చివరిది ఆమె ముందు చూస్తుంది.

బండి కదిలింది. వంతెన దాటింది, కాళంగి నీళ్లు కనిపించాయి, డిసెంబరు కాబట్టి ఉన్నాయి. ఈ నీళ్లే పులికాట్లోకి పోతాయి, ఆ సరస్సు ఒడ్డున రేవులో ఈపాటికి నాయన ఉంటాడు, ఈ పొద్దే కొత్త పడవ నీళ్లలో దిగాలి. అమ్మ కూడా అక్కడే. ఇంటికి తాళం. ఇంట్లో ఎవరన్నా ఉంటే ఫోన్ చేసి అటక మీది వైరు పీకమంటే సరిపోయేది. వైరు అంటే సర్వరుది, సర్వరు అంటే గుల్నాజ్ పాత లాప్‌టాప్, తెర పగిలింది, మిగతాది పనిచేస్తుంది, రెండేళ్ల కింద తనే దాన్ని అమ్మ ఆమినాబీ బొంతల పక్కన పెట్టి నాయన రాసిన పడవల ఫొటోలన్నీ అందులో ఎక్కించింది. వేసవిలో అది గుర్రుమంటుంది. నాయన దాన్ని పిల్లి అంటాడు. "పిల్లి లేచిందా, పడవాయనకు బొమ్మ చూపించాల" అంటాడు. పడవ యజమాని ఏ ఊళ్లో ఉన్నా లింకు నొక్కితే తన పడవ మీది అక్షరాలు చూసుకుంటాడు, ఒత్తు తప్పితే చెబుతాడు, నాయన సరిచేస్తాడు. ఎవరి లింకు వాళ్లకే పంపుతుంది కాబట్టి ఎవరి ఫొటో వాళ్లకే కనిపిస్తుందని అనుకుంది. తాళంచెవి ఇచ్చినవాడికే తలుపు. తలుపు పక్కన గోడే లేదని ఈ పొద్దు దాకా తట్టలేదు. లింకు చివర చెరిపేసి నొక్కేవాళ్లు ఉంటారని ఆమెకు తెలుసు, ఎక్కడో చదివింది, చదివినప్పుడు మనకెవరులే అనుకుంది.

రేవులో పట్టింపు ఒకటుంది. కొత్త పడవ ముక్కున పేరు రాసినాక దాని మీద గుడ్డ కడతారు. పడవ నీళ్లు తాకినాకే గుడ్డ తీస్తారు. నీళ్లు తాకిన పేరు ఇక చెరపరు, పడవ పాడైనా ఆ పేరున్న ముక్కను కోసి ఇంటి వాకిలి పైన పెట్టుకుంటారు. తాకకముందైతే, ఎవరి పేరో వాళ్లు వద్దంటే చాలు, గీకేయాలి. పోయినేడు ఒకాయన పెళ్లాం పేరు రాయిస్తే ఆమెకు ముందే తెలిసింది, "నా పేరు మీద చేపలు కోస్తావా" అని రేవు దాకా వచ్చింది. రాసింది ఒక్క పొద్దు. గీకింది రెండు పొద్దులు. ఆ రెండు రోజులూ నాయన అన్నం సగంలోనే లేచిపోయాడు. ఆ పడవ ఇప్పటికీ నంబరుతోనే తిరుగుతోంది.

వెంకటశేషమ్మ వద్దంటుంది. అనుమానం లేదు. ఎందుకంటే రాయించింది హజరత్తయ్య, ఆమె అల్లుడు, ఏడాదిగా ఆమె అతనితో మాట్లాడదు. అతను పట్టిన రొయ్యల్ని ఆమెకివ్వకుండా కంపెనీ వ్యానుకు వేశాడు. "అల్లుడి రొయ్య నా గంపకెక్కదా" అని ఒకసారి అడిగి ఆమె మాట ఆపేసింది. అతను ముందు వాకిట్లోకి వస్తే ఆమె వెనక దొడ్లోకి పోయి కడిగిన గిన్నెలు మళ్లీ కడుగుతుంది. తప్పనిసరిగా చెప్పాల్సింది ఉంటే దొడ్లో కట్టేసిన మేకతో చెబుతుంది. "ఒసే మేకా, అన్నం చల్లారిపోతాదని చెప్పు." అతను కూడా మేకతోనే జవాబు చెప్పడం నేర్చుకున్నాడు. మేకకు మర్యాద ఎక్కువైందని వాళ్లింట్లో నవ్వుకుంటారు, ఇద్దరూ లేనప్పుడు.

"అక్కంపేట," అంది నవోమి. బండి ఆగింది. ఎక్స్‌ప్రెస్ పోవాలంట, ఎంతసేపో ఎవరికీ తెలియదు. ఫోన్లో సిగ్నలు ఒక్క గీత. గుల్నాజ్ ఇంటి లాప్‌టాప్‌లోకి ఫోనునుంచి పోయే దారి పెట్టుకునే ఉంది, ఎప్పుడో ఒకసారి వాడింది, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి. వచ్చాయి. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. తప్పు అంది. మళ్లీ కొట్టింది, గీత పోయింది, తెర అట్లాగే నిలబడిపోయింది.

"నవోమీ, కిటికీ ఇయ్యి."

"ఇడ్లీ ఇస్తావా?"

"డబ్బా మొత్తం తీసుకో."

"చట్నీ ఏందది?"

"శనక్కాయ."

"అట్నయితే రా."

సీట్లు మారారు. గుల్నాజ్ ఫోన్ను కిటికీ ఊచల మధ్య పెట్టి పట్టుకుంది. తాడిచెట్ల అవతల ఎండ పడుతోంది. ఫొటో ఒక్కటీ తీసేస్తే చాలదా, అనుకుంది, చాలదు, ఆ ఫోల్డర్లో పొంగలి పండక్కి నీళ్లలో దిగేవి ఇంకా నాలుగున్నాయి, నాలుగూ గుడ్డ కిందే ఉన్నాయి, ఒకటి దాచి నాలుగు చూపిస్తే నాయన మొహం ఎట్లా చూడాలి. వరసనే మూసేయాలి. లింకు తెలిసినవాడికి ఫొటో కనపడాలి, తెలియనివాడికి ఏముందో కూడా తెలియకూడదు. అది ఒక్క మాట పని. సర్వరు సెట్టింగుల ఫైల్లో ఇండెక్సెస్ అనే మాట ఒకటుంటుంది, అది ఉన్నంతసేపూ అడిగినవాడికల్లా వరస చూపిస్తుంది. ఆ మాట మొదట్నుంచీ అక్కడే ఉంది. ఆమె పెట్టలేదు. తియ్యనూ లేదు.

హజరత్తయ్య ఇంటికొచ్చిన పొద్దు గుర్తొచ్చింది. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, అమ్మ టీ ఇచ్చింది, తాగాడు, రెండోది ఇచ్చింది, అదీ తాగాడు, కొత్త పడవకు ఏ పేరు రాయాలో మాత్రం చెప్పడు. నాయన బడేసాహెబ్ బ్రష్షు కిరసనాయిల్లో కడుగుతూ కాచుకున్నాడు. చివరికి చెప్పాడు. నాయన బ్రష్షు కింద పెట్టాడు.

"ఇంత పొడుగు పేరు పడవ ముక్కున యాడ పడతాది నాయనా? శేషమ్మ అని రాస్తా."

"ఆమె పేర్లో ఒక్క అక్షరం తగ్గించినా ఇంకో ఏడాది మాట్లాడదు మామా."

"ఇప్పుడు మాట్లాడతా ఉందా?"

"మేకతో మాట్లాడతా ఉంది. ఆ దారన్నా ఉండనీ."

మూడు పొద్దులు రాశాడు. పసుపు మీద నలుపు అంచు. నాయన చెయ్యి ఈమధ్య నిలకడగా ఉండటం లేదు, ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాశాడు, ఇది గుల్నాజ్ చూసింది, చూసినట్టు చెప్పలేదు. నిన్న సాయంత్రం ఫొటో తీసుకొచ్చాడు. ఆరక్షరాలూ పట్టాయి. చివరి అక్షరం మీదికి మాత్రం లంగరు తాడు వేలాడుతోంది, మ్మ సగం కనపడటం లేదు. "తాడు తీసి తియ్యొచ్చు గదా నాయనా" అంటే, "చీకటి పడతా ఉండె, మరిచిపోయినా" అన్నాడు. హజరత్తయ్యకు అదే పంపింది. బాగుంది మామా అని అతను జవాబిచ్చాడు. తాడు సంగతి అతనికీ పట్టలేదు.

పాస్‌వర్డ్ పట్టింది. ఫైలు తెరిచింది. అక్షరాలు చీమలంత ఉన్నాయి, వేలు ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోంది. ఆ మాట దొరికింది. దాని ముందు మైనస్ గుర్తు పెట్టాలని గుర్తుంది. మైనస్ గుర్తు ఫోను కీబోర్డులో ఇంకో పేజీలో ఉంది. పెట్టింది. సరిగ్గా ఉందో లేదో చూడమని సర్వరునే అడిగింది. లేదంది. ఆ లైన్లో ఇంకో మాట కూడా ఉంది, దానికి గుర్తు లేదు. పెడితే అన్నిటికీ గుర్తు పెట్టు, లేకుంటే దేనికీ వద్దు, ఇదీ అది చెప్పిన మాట. గుల్నాజ్‌కు నవ్వొచ్చింది. ఇది అమ్మ మాట. అన్వర్ అన్న పెళ్లికి వీధిలో సగం మందిని పిలుద్దామని నాయనంటే అమ్మ అన్న మాట, పిలిస్తే అందరినీ పిలువు, లేకుంటే ఎవరినీ వద్దు. అందరినీ పిలిచారు. బిరియానీ చాలలేదు. చివరి పంక్తికి గుడ్లు ఉడకబెట్టారు, ఆ పంక్తిలో కూర్చున్న వెంకటశేషమ్మ లేచి వంటగదిలోకి వచ్చి డేగిసా మూత తీసి అడుగు చూసి, నిజంగానే అయిపోయింది, అని బయటికి చెప్పి మళ్లీ పోయి కూర్చుంది.

"నీకు నువ్వే నవ్వుకుంటావేందిమే, ఎక్స్‌ప్రెస్ పోయింది చూడు," అంది నవోమి, నోట్లో ఇడ్లీతో.

ఎక్స్‌ప్రెస్ పోయింది. దాని గాలికి ఊచల మధ్య ఫోను వణికింది. గుల్నాజ్ గుర్తు తీసేసింది. ఇండెక్సెస్ అనే మాటనే తీసేసింది. మళ్లీ అడిగింది. సరే అంది. ఫైలు మళ్లీ చదువుకోమని సర్వరుకు చెప్పింది. చదువుకుంది. ఇప్పుడు తనే బయటివాళ్లలాగా ఫోను బ్రౌజర్లో ఆ ఫోల్డరు లింకు నొక్కింది. తెల్ల పేజీ. ఫర్బిడెన్ అని ఒక్క మాట, కింద చిన్న అక్షరాల్లో అనుమతి లేదని ఇంకో ముక్క. పడవలు లేవు. పేర్లు లేవు. పూర్తి లింకు కొట్టి ఒక పాత పడవ చూసింది, అది తెరుచుకుంది. మళ్లీ ఫోల్డరు నొక్కింది. ఫర్బిడెన్. మూడోసారి కూడా నొక్కింది, అవసరం లేదు, బాగుందని నొక్కింది.

"అయిపోయిందా?" అంది నవోమి.

"మూసేసినా."

"అయితే ఒక ఇడ్లీ మిగిలింది, తిను."

తింది. నోరు నిండా ఉండగా ఫోను మోగింది, వాయిస్ మెసేజి, వెంకటశేషమ్మ. ఆమె రాయదు, మాట్లాడుతుంది, ఫోను మూతికి ఆనించి అరుస్తుంది. గుల్నాజ్ చెవి దగ్గర పెట్టుకుంది, అయినా పెట్టె మొత్తానికీ వినిపించింది.

"ఏమ్మే గుల్నాజూ, నువ్వు పంపింది నొక్కితే ఇంగ్లీషులో రెండు ముక్కలొచ్చి ఆగిపోయింది. మా ముసిలాయన పడవ యాడమ్మే? గంప మీద గోనెపట్టా కప్పి అమ్ముతావా? తొందరగా పంపు. మా పిల్ల నన్ను మార్కెట్టుకు రమ్మని ఆటో తెచ్చి నిలబెట్టింది, ఇంకా చీర మార్చుకోవాల."

ఆమె అడిగింది పాత పడవ, ఆమె మొగుడిది, ఇరవయ్యేళ్ల కింద బడేసాహెబ్ రాసింది, ఫొటో ఉందని ఎవరో చెబితే పొద్దున గుల్నాజ్ ప్లాట్‌ఫారం మీద ఉండగా ఫోన్లో అడిగింది, అందుకే ఇదంతా. గుల్నాజ్ ఈసారి పేరు పూర్తిగా రాసింది. రాసింది రెండుసార్లు చదివింది. పంపింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు, అంటే మూసినాకే నొక్కింది, అంటే చూడలేదు. నవోమికి చెప్పింది. నవోమి కూడా లెక్క సరిగానే ఉందంది.

బండి కదిలింది. కిటికీ ఇంకా గుల్నాజ్ దగ్గరే ఉంది, నవోమి అడగలేదు, డబ్బా మూత పెట్టి చేతులు తుడుచుకుంటోంది. ఎండ ఒళ్లోకి వచ్చింది. రేవులో హజరత్తయ్య పడవ దించడం తొమ్మిదింబావుకు అనుకున్నారు. నాయన తెల్లచొక్కా వేసుకుని ఉంటాడు, మోచేతి దగ్గర నీలం మరక పోలేదు, అమ్మ వద్దంటే కూడా అదే వేసుకుంటాడు, పడవ దిగేటప్పుడు అదే. చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని రేవుకు పోయేది, రంగు డబ్బాలు వెనక మోగుతుండేవి, ఒడ్డున కూర్చుని ఆయన రాసే అక్షరాన్ని ఇసకలో వేలితో రాసేది, బడికి పోకముందే పడవల పేర్లన్నీ వచ్చేసినాయి, బళ్లో అయ్యవారు క అంటే ఏందని అడిగితే కావమ్మ తల్లి అని చెప్పింది, కలం అని చెప్పాలంట. సెలవు అడిగితే సూపర్‌వైజరు పొంగలికి ఒకేసారి తీసుకోమన్నాడు. పొంగలికి నాలుగు పడవలు చూడొచ్చు. ఇది ఒకటి చూడలేదు.

ఇంకో వాయిస్ మెసేజి వచ్చింది. ఈసారి అరుపు లేదు.

"కనపడిందమ్మే. అదే పడవ. మీ నాయన అప్పుడు బాగా రాసేటోడు." కొంచెంసేపు ఆటో శబ్దం. "ఇప్పుడూ బాగానే రాస్తుండాడులే."

తడలో దిగారు. ఫ్యాక్టరీ బస్సు గేటు బయట నిలబడి ఉంది, బండి ఆలస్యమని డ్రైవరు అందరినీ ఎక్కించుకోవడానికి ఆగాడు. తొమ్మిదిన్నరకు నాయన ఫోన్ చేశాడు. వెనక డప్పు, మనుషుల కేకలు, నీళ్లలో ఎవరో దూకిన చప్పుడు. గుల్నాజ్ ఒక చెవి మూసుకుంది.

"అయిందా నాయనా?"

"అయిందమ్మే. గుడ్డ తీసినారు. ఆమె నిలబడి మొత్తం చదివింది. ఎవురినడిగి రాసినావు సాహెబూ అని నన్ను కేకలేసింది. అల్లుణ్ణి అంతకంటే ఎక్కువ తిట్టింది."

"మేకతోనా?"

"మేక యాడుంది ఈడ? మొగం మీదనే. ఆయప్ప నవ్వతా నిలబడుండాడు. ఒక గంప ఆమెకు, ఒకటి వ్యానుకు అంటుండాడు. బేరం ఇంకా తెగలా."

"ముందే తెలీదు గదా ఆమెకు?"

"యాడ తెలుస్తాది? చెప్పినోళ్లెవురు? పట్టు చీర కట్టుకొచ్చింది, అది మాత్రం చూసినా. టెంకాయ కూడా సంచిలో పెట్టుకొచ్చింది. కూతురు మార్కెట్టుకని చెప్పి తెచ్చిందంట." డప్పు దగ్గరికి వచ్చింది, నాయన గొంతు పెంచాడు. "ఒకటే నాకు అర్థం కాలా. ఆటో దిగతానే నేరుగా పడవ ముక్కు దగ్గరికి పోయింది. గుడ్డ అప్పటికి కట్టే ఉంది. లంగరు తాడు నిన్నటి ఫొటోలో మాదిరే గుడ్డ మీదుగా చివర్న వేలాడతా ఉండె, దాన్ని ఎత్తి లోపల పడేసింది."

"ఏమన్నా అనిందా?"

"అడ్డం, అనింది."

"దేనికడ్డం?"

"చెప్పలా."

బస్సు హారను కొట్టింది. నవోమి మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. రేవులో పడవ తొమ్మిదీ ఇరవైకి నీళ్లు తాకింది. గుడ్డ ఆ తర్వాత తీశారు. తాడు అంతకుముందే లోపల ఉంది.